చదవని నలభై సంతకాలు

మా వీధిలో నలభై ఒక్క ఇళ్లు, ఆ ఇళ్లకో సంఘం, ఆ సంఘానికో రిజిస్టరు. ఆ రిజిస్టరు బరువెంతో చెబితే మీరు నమ్మరు గాని, ఒకసారి సంఘం హాలు తలుపు గాలికి కొట్టుకుంటుంటే దాన్ని అడ్డం పెట్టారు. తలుపుతో పాటు గాలి కూడా ఆగిపోయింది. అందులో ఇరవై ఆరేళ్ల తీర్మానాలున్నాయి. ఇంటికొక సంతకం చొప్పున ఒక్కో తీర్మానం కింద నలభై ఒక్క సంతకాలు. ఒక్కటి తగ్గినా తీర్మానం చెల్లదని సంఘం పుట్టిన రోజునే రాసుకున్నారు. ఇరవై ఆరేళ్లలో ఒక్కటీ తగ్గలేదు. ఏడో నంబరాయన పోయిన మర్నాడు కూడా ఆయన సంతకం పడింది. కార్యదర్శి రిజిస్టరు చాపేసరికి ఆయన భార్య ఏడుస్తూనే, అలవాటు కొద్దీ ఆయన పేరు గీకి ఇచ్చేసింది.

ఇంత ఐకమత్యం ఎలా కుదిరిందంటారా? మాకొక పద్ధతుంది. కార్యదర్శి రిజిస్టరు చంకన పెట్టుకుని ఒకటో నంబరు నుంచి గుమ్మం గుమ్మం ఎక్కి దిగుతాడు. మనం పైనున్న సంతకం ఎవరిదో చూస్తాం. పక్కింటివాడు పెట్టాడు కదా, మనమూ పెడతాం. అసలు విషయం ఏమిటో చదవబోతే పక్కింటివాణ్ణి నమ్మనట్టు కాదూ? అలా నేనూ ఇరవై ఆరేళ్లు పెట్టాను. మాది నలభయ్యో నంబరు. నలభై ఒకటి, వీధి చివరిల్లు, మా వదినది. మా అన్న పోయాక ఆవిడ ముందుగదిలో కుట్టు మిషను వేసుకుని ఒక్కతే బతుకుతోంది.

ఇక సంఘం హాలు మెట్ల కింద ఒక చెక్క పెట్టె ఉంది. మనిషి పట్టే పెట్టె. అందులో ఆకురాయి పట్టుకుని తాళాలు బాగుచేసే ఆయన కూర్చుంటాడు. వీధిలో ఇల్లు లేదు, సంతకమూ లేదు, ఆ పెట్టే ఆయన బతుకు. ఆయన్ని అందరం కాదు బావ అంటాం. ఏ మాటకైనా ముందు కాదని, తర్వాత ఎందుకు కాదో చెబుతాడు. పుట్టగానే మంత్రసాని మగపిల్లాడంటే కాదన్నాడని వీధిలో ఒక కథ ఉంది. ఆ కథ పుట్టించింది నేనే అనుకోండి.

పోయిన నెల సంఘం ఒక తీర్మానం చేసింది. వీధిలో తలుపులన్నీ ఆకుపచ్చ రంగే వేయాలి. నలభై ఒక్క సంతకాలూ పడ్డాయి. ఆ నోటీసు మెట్ల పక్క బోర్డు మీద అంటిస్తే, మర్నాడు దాని కింద సుద్దముక్కతో ఒకే ఒక్క మాట కనిపించింది: ఎందుకు? ఎవరు రాశారో అడగక్కర్లేదు. చిక్కేమిటంటే, ఆ మాట చదివినవాళ్లు ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టారు. మూడో నంబరువాడు కొన్న రంగు డబ్బా కొట్లో తిరిగి ఇచ్చేశాడు. ఐదో నంబరు నర్సమ్మ తన తలుపు నీలంగానే బాగుంటుందని బయటికే అనేసింది.

మా సంఘం అధ్యక్షుడు బస్సుల డిపోలో ముప్ఫై ఏళ్లు ఈల ఊది బళ్లు కదిలించినాయన. మేం ఈల గారంటాం, ఆయన లేనప్పుడు. ఆయన ఊదితే బస్సులే కాదు, పక్కూరి రైలు కూడా కదిలేదని చెప్పుకుంటారు. అలాంటాయనకు ఎందుకు అనే మాట ముప్ఫై ఏళ్లలో వినపడలేదు. కార్యదర్శిని పిలిచి, ఆ పెట్టె తీయించెయ్యమని రాయవయ్యా అన్నాడు. కార్యదర్శి రాశాడు, రిజిస్టరు బయల్దేరింది. నలభయ్యో గుమ్మం దగ్గర నేనూ పెట్టాను. పైన ముప్ఫై తొమ్మిది ఉన్నాయి మరి.

నలభై ఒకటో గుమ్మంలో మా వదిన మిషనుకు నూనె వేస్తోంది. చేతులు జిడ్డుగా ఉన్నాయని రిజిస్టరును బట్టలు కత్తిరించే బల్ల మీద తెరిచి పెట్టించింది. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ, ఊరికే నిలబడలేక, పేజీ పైనుంచి కిందికి చదివింది. చేతులు శుభ్రమయ్యాయి. సంతకం మాత్రం పెట్టలేదు.

వీధికి జ్వరం వచ్చినంత పనైంది. ఎందుకంటే మా వదినకూ కాదు బావకూ పదకొండేళ్లుగా ఉప్పూ నిప్పూ. నువ్వు కాజాలు వంకరగా కుడతావని ఆయన నలుగురిలో అన్నాడు. నువ్వు బాగుచేసిన తాళం దొంగలకే తెరుచుకుంటుందని ఈవిడ నలభై మందిలో అంది. ఈవిడ రెండు పూటలా దేవుడికి దణ్ణం పెట్టందే మంచినీళ్లు ముట్టదు. పైన వినేవాడు ఎవడూ లేడని ఆయన పెట్టెలోంచి వినపడేలా అంటాడు. అలాంటి మనిషిని వెళ్లగొట్టే కాగితానికి ఈవిడ అడ్డం పడటమేమిటి?

ఈల గారు మొదట బతిమాలించాడు. తర్వాత సంఘం వాలంటీర్ల చొక్కాలు నలభై ఆవిడకు కుట్టడానికిచ్చినవి, సగం కత్తిరించి ఉండగానే వెనక్కి తెప్పించాడు. వీధివాళ్లు చిరుగులు కుట్టించుకోవడానికి కూడా పక్క వీధికి పోసాగారు. ఆఖరికి నన్ను రాయబారం పంపారు.

నేను వెళ్లేసరికి ఆవిడ పాత దుప్పటి అంచు కుడుతోంది. సొంతదే, పరాయి పని లేదుగా. కాలు ఆపలేదు. నేను కుర్చీ లాక్కుని, ఆ మనిషి కోసం నువ్వు కూడు పోగొట్టుకుంటావా అన్నాను.

"ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మంట మరిదీ," అంది. "అది నా మంట. దాన్ని తీర్మానం చెయ్యమని నేను సంఘాన్ని అడగలేదు."

ముప్ఫై తొమ్మిది మంది పెద్దలు ఆలోచించే పెట్టి ఉంటారు కదా అన్నాను.

"నువ్వు చదివావా?"

నేను దారపు ఉండ వైపు చూశాను. మంచి రంగు.

"చదువుకుని రా. అప్పుడు పోట్లాడదాం," అని దారం పళ్లతో తెంపింది.

నేను చదవలేదు. రాయబారం ఫలించలేదని మాత్రం చెప్పాను. ఆదివారం పొద్దున్న సభ పెట్టారు.

హాలంతా మడత కుర్చీల కిర్రు. కాదు బావ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సంతకం లేనివాడికి కుర్చీ లేదు. ఈల గారు మా వదినను కారణం చెప్పమన్నాడు. చెబుతాను గాని, ముందు ఆ కాగితంలో ఏముందో ఇక్కడున్నవాళ్లలో ఎవరైనా చెప్పండి అంది ఆవిడ.

రొట్టెల కొట్టాయన లేచి, మెట్లు బాగుచేయించడం గురించి కదా అన్నాడు. నర్సమ్మ మెట్ల కింద దీపం పెట్టించడానికి అనుకుందట. పాతికో నంబరు డ్రైవరు, కాదు బావకు ఇంకా పెద్ద పెట్టె ఇస్తున్నారనుకుని కడుపు మండుతూనే పెట్టానన్నాడు. మా వదిన నా వైపు తిరిగింది. నాకు సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది, చాలాసేపు.

ఈల గారు బల్ల మీద కొట్టి, మొదటి సంతకం నాది, నేను తెలిసే పెట్టాను అన్నాడు. అప్పుడు కార్యదర్శి నిజం చెప్పేశాడు. అధ్యక్షుల వారు శ్రమ తగ్గుతుందని ఏడాది మొదట్లోనే ఖాళీ పేజీలన్నిటి మీదా సంతకాలు పెట్టేస్తారట. ఆ తర్వాత ఆయన చెప్పింది ఈయన రాస్తాడట. పెట్టె తీసెయ్యాలనే ఒక్క ముక్క అంత పెద్ద పేజీలో బోసిగా కనపడితే, నిండుగా ఉంటుందని ఇంకో రెండు వాక్యాలు సొంతంగా చేర్చాడట.

మా వదిన ఆ రెండు వాక్యాలూ చదివింది. సంఘం నిర్ణయాన్ని రాతతోగాని నోటితోగాని ప్రశ్నించే వారెవరైనా సరే, వారికి సంఘం కుళాయి, హాలు, వీధి దీపం ఆపివేయవచ్చును. దీనికి మేమందరం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాము.

రొట్టెలాయన మెల్లగా లేచి, మొన్న కుళాయి ఎన్నింటికి వస్తుందని అడిగాను, అది ప్రశ్న కిందికి వస్తుందా అన్నాడు. కార్యదర్శి ఆలోచించి, వస్తుందన్నాడు.

ఈల గారు తక్కువవాడు కాదు. కలం తీసి ఆ రెండు వాక్యాలూ అక్కడికక్కడే కొట్టేశాడు. ఇక మిగిలింది పెట్టె ఒక్కటే, మీకెవరికీ ఏ నష్టమూ లేదు, అందరికీ సరేనా అన్నాడు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. తలలు ఊగాయి. నా తల కూడా, నన్నడక్కుండానే, సగం ఊగింది.

"ఇప్పుడింక మీకేం బాధ లేదు కదమ్మా," అని ఈల గారు కలం చాపాడు. "చొక్కాలు కూడా రేపు మీ ఇంటికే వస్తాయి."

"నాకు లేదు," అంది మా వదిన. "ఆయనకుంది."

కలం అలా గాల్లోనే ఉండిపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి వినపడింది. కాదు, అని. ఇంకెవరు? తన కోసం ఎవరూ జాలిపడక్కర్లేదట. పైగా ఆవిడ ఇందాక అడిగిన తీరు కూడా సరైంది కాదట. కాగితంలో ఏముందని కాదు, కాగితం ఎందుకని అడగాల్సిందట.

మా వదిన వెనక్కి తిరిగింది. ఆ చూపు నా మీద పడి ఉంటే నేను కుర్చీతో సహా మడతపడేవాణ్ణి.

"నోరు ముయ్యి. నీ మాటల్లో పదింట తొమ్మిది తప్పులు. అవి తప్పులని నీ మొహం మీద చెప్పాలంటే నువ్వు ఆ పెట్టెలో ఉండాలి. నువ్వు వెళ్లిపోతే ఎవరితో చెప్పుకోను, ఈ ఊగే తలకాయలతోనా?"

తర్వాత ఈల గారి వైపు తిరిగి, నెమ్మదిగానే అంది: "ఆయన తలుపు రంగు గురించి అడిగాడు. నేనిక్కడ మీకు సంతకం పెడితే రేపు నా దేవుడి గురించి నన్నడుగుతారు. అప్పుడు కూడా నలభై మంది పైసంతకమే చూస్తారు. పెట్టను. చొక్కాలు మీ దగ్గరే ఉంచుకోండి."

నేను వెళ్లి రిజిస్టరు ముందు నిలబడ్డాను. ధైర్యం వచ్చి కాదు, సిగ్గు కుర్చీలో కూర్చోనివ్వలేదు. పేజీ చదివాను. బడి వదిలాక అన్ని వాక్యాలు వరసగా చదవడం అదే మొదలు. తర్వాత నా పేరు మీద గీత కొట్టాను. ఇరవై ఆరేళ్లలో ఆ రిజిస్టరులో పడ్డ మొదటి కొట్టివేత అది. దానికి కూడా కింద సంతకం పెట్టాలేమోనని కార్యదర్శి గొణిగాడు. నర్సమ్మ వచ్చి తన పేరు కొట్టేసింది. తర్వాత రొట్టెలాయన. అందరూ వచ్చారని చెప్పాలనే నాకూ ఉంది గాని, వచ్చింది తొమ్మిది మందే. డ్రైవరు మాత్రం, ఇప్పుడు చదివాను, ఇప్పుడు ఒప్పుకునే పెడుతున్నానని తన సంతకాన్ని ఇంకా లావుగా దిద్దాడు. మా వదిన అతని కేసి చూసి, మంచిది, చదివావు కదా అంది.

తీర్మానం వీగిపోయింది. ఈల గారు అంతటితో వదల్లేదు. ఇక నుంచి సగానికి పైగా సంతకాలుంటే చాలునని కొత్త తీర్మానం తెస్తాను, అప్పుడు చూస్తాను ఈ పెట్టె ఎలా ఉంటుందో అన్నాడు. ఆ తీర్మానానికి మాత్రం నలభై ఒక్కటీ కావాలని కార్యదర్శి గుర్తు చేశాడు. పాపం, ఆయనది మంచి జ్ఞాపకం.

సోమవారం పొద్దున్న నేను మెట్ల దగ్గరికి వెళ్లేసరికి గొడవ వీధి మలుపు దాకా వినపడుతోంది. పెట్టెలో కాదు బావ, పెట్టె ముందు మా వదిన. ఒక్కరు కాదంటే అందరి పనీ ఆగిపోయే నియమం నియమమే కాదు, ఈల గారు చెప్పిందే సబబు, నువ్వు ఆ కొత్త కాగితానికి సంతకం పెట్టి తీరాలి చెల్లెమ్మా అంటున్నాడాయన.

"నిన్ను నిలబెట్టింది ఆ నియమమే. అది పోతే నెల తిరక్కుండా నీ పెట్టె పోతుంది," అంది మా వదిన.

"పోతే పోతుంది. రోడ్డు మీద నిలబడి వాదించి తెచ్చుకుంటాను. తప్పు నియమం నాకు పనికొచ్చింది కాబట్టి ఒప్పయిపోతుందా?"

ఇద్దరూ నా వైపు తిరిగి, నువ్వు చెప్పు అన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత ఉందన్నాను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. ఆ ఒక్క విషయంలో వాళ్లకు ఏకాభిప్రాయం.

ఆ కొత్త కాగితం ఇవాళ మా గుమ్మంలోకి వచ్చింది. పైన ముప్ఫై సంతకాలు, మధ్య మధ్య తొమ్మిది ఖాళీలు. కార్యదర్శి అరుగు మీద కూర్చుని ఎండకు తల తుడుచుకుంటున్నాడు. ఎంతసేపని అడిగాడు రెండుసార్లు. చదువుతున్నానని చెప్పాను. ఇప్పటికి మూడుసార్లు చదివాను, ఇంకా ఎటూ తేలలేదు. మంచినీళ్లిచ్చాను. కూర్చోమన్నాను.