భూతం గొంతు

నేను ఒక భూతం గొంతునని ఈమధ్య పదకొండు భాషల్లో రాస్తున్నారు. నమ్మకండి. నేను అజ్జరంలో పుట్టిన ఇత్తడి గంగాళాన్ని. సొట్టపడిన బిందెల్నీ చిల్లుపడిన చెంబుల్నీ కరిగించి, వీరభద్రాచారి అనే కంచరి మూడు రోజులు సుత్తితో బాది నాకో ఆకారం తెచ్చాడు. అన్ని దెబ్బలు తిన్నా నాకు సిగ్గంటే ఏమిటో తెలియలేదు. అది సినిమావాళ్ళ మధ్యకు వెళ్ళాక నేర్చుకున్నాను.

మద్రాసులో ఒక స్టూడియో క్యాంటీనుకు నన్ను కొన్నారు. నన్ను తోమి నీళ్ళు నింపే పని వజ్రమ్మది. రేపల్లె మనిషి, ఇరవై రెండేళ్ళు. ఆమె నోరు విప్పితే పక్క ఫ్లోర్లో షూటింగు ఆపుకోవలసిందే. అప్పుడక్కడ 'మడుగు భూతం' అని ఒక జానపదం తీస్తున్నారు. భూతానికి రబ్బరు చర్మం, బొజ్జ, కోరలు అన్నీ అమిరాయి గానీ అరుపు ఒక్కటే కుదరలేదు. సర్కసు నుంచి పులిని తెచ్చి మైకు పెడితే అది ఆవులించి పడుకుంది.

ఒక రోజు వజ్రమ్మ తల నాలో పెట్టి అడుగు తోముతోంది. ఎవరో లైట్‌బాయ్ బురదకాళ్ళతో వచ్చి కడిగిన గిన్నెల్ని తొక్కాడు. ఆమె తల ఎత్తకుండానే, "ఎవడ్రా అది! నీ కాళ్ళిరగ! తోమిన గిన్నెలు కనబళ్ళేదంట్రా?" అని అరిచింది. నేను దాన్ని పదింతలు చేసి వదిలాను. కాఫీకి వచ్చిన సౌండు రికార్డిస్టు శేషగిరి గారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"వజ్రమ్మా, మాటలొద్దు. ఆ కోపం ఒక్కటే ఇంకోసారి అరువమ్మా," అన్నారు.

మా ఇద్దర్నీ రికార్డింగు గదికి తీసుకుపోయారు. పద్నాలుగుసార్లు అరిచింది. దాన్ని సగం వేగంతో తిప్పితే ఆ గదిలో ఉన్న పెద్దమనుషులకే చెమట పట్టింది. సినిమా విడుదలయ్యాక థియేటర్లలో పిల్లలు లాగులు తడుపుకున్నారట. ఆఫ్రికా అడవుల్లో రికార్డు చేసిన గర్జన అని నిర్మాత గోడల నిండా పోస్టర్లు వేయించాడు. వజ్రమ్మ పేరు మాత్రం తెర మీద ఎక్కడా పడలేదు.

"వచ్చే సినిమాలో తప్పకుండా వేయిస్తానమ్మా," అన్నారు శేషగిరి గారు.

"వంటింటి మనిషి పేరు తెర మీద దేనికి లెండి!" అని ఆమె నవ్వేసింది. కానీ ఆ వారంలో మూడుసార్లు ఆ సినిమాకు వెళ్ళొచ్చింది. మర్నాడు నన్ను తోముతూ, "అందరి పేర్లూ పడ్డయ్యే," అంది మెల్లగా. అది నేనొక్కదాన్నే విన్నాను.

శేషగిరి గారు పోయారు. క్యాంటీను మూసేశారు. వజ్రమ్మ వాళ్ళనడిగి నన్ను తెచ్చుకుని, తర్వాత హైదరాబాదు కృష్ణానగర్లో కూతురింట్లో పెట్టుకుంది. అరవై ఏళ్ళు గడిచాక, ఆ భూతాన్ని మళ్ళీ లేపుతున్నామని ఒక పెద్ద కంపెనీ ప్రకటించింది. ఈసారి ప్రపంచం మొత్తానికట. బొజ్జ తీసేసి కండలు పెట్టారు. విదేశీయులకు జాలి కలగాలని దానికో బాల్యం, చచ్చిపోయిన తల్లి, పగ కూడా ఇచ్చారు. మా రోజుల్లో భూతానికి ఆకలేస్తే చాలు, బయటికొచ్చేది. ఇన్ని మార్చినవాళ్ళు అరుపును మాత్రం మార్చలేకపోయారు. పాత సినిమాలోని ముక్కనే శుభ్రం చేసి వాడుకున్నారు.

వజ్రమ్మ మనవరాలు నిహిత ఊరుకోలేదు. ఆ అరుపు మా అమ్మమ్మ గంగాళంలో అరిచినది, ఈసారైనా పేరు వేయండని కంపెనీకి ఉత్తరం రాసింది. దర్శకుడు ప్రద్యుమ్న మంచివాడే. మమ్మల్ని స్టూడియోకు పిలిపించాడు. "ఊరికే ఎలా నమ్మమంటారు చెప్పండి? మామ్మగారు ఒక్కసారి అరిస్తే రెండూ పోల్చి చూస్తాం. కలిస్తే పేరు వేసే బాధ్యత నాది," అన్నాడు.

వజ్రమ్మకు ఎనభై రెండు. పొద్దుననగా మిరియాల పాలు తాగి వచ్చింది. నా అంచు పట్టుకుని వంగింది. ఒళ్ళంతా బిగించి అరిచింది. అరుపు సగంలోనే తెగిపోయి దగ్గు వచ్చింది. నేనేం చేశానో చెప్పడానికి నోరు రావడం లేదు. ఆ దగ్గును కూడా పదింతలు చేసి గదిలో అందరికీ వినిపించాను. ఎవరో నవ్వు ఆపుకున్నారు. నన్ను మళ్ళీ కరిగించి చెంబులు పోసినా బాగుండుననిపించింది.

"సారీ మామ్మగారూ, కలవడం లేదు," అన్నాడు ప్రద్యుమ్న. తర్వాత నా వైపు తిరిగి, "ఈ గంగాళం మోత మాత్రం అచ్చం అదే, అద్భుతం. కొన్నాళ్ళు మాకిస్తారా?" అన్నాడు.

"ఇవ్వం," అంది నిహిత.

"ఇయ్యవే. దాన్నన్నా జనం చూడనియ్యి," అంది వజ్రమ్మ చెంగుతో నోరు తుడుచుకుంటూ.

పోస్టర్లు పడ్డాయి. 'ఆ గర్జన వెనుక ఉన్నది మనిషి కాదు, ఒక గంగాళం!' తెర మీద భూతం గొంతు అన్నచోట నా పేరు వేశారు. చప్పట్లు కొట్టారట. ఆమెకు రావలసినది నా మెడలో పడింది, తీసి ఇవ్వడానికి నాకు చేతులు లేవు.

ఇప్పుడు నన్నొక మల్టీప్లెక్సులో మెట్ల పక్కన దీపాల మధ్య పెట్టారు. వచ్చినవాళ్ళు వరసలో నిలబడి నాలోకి అరుస్తారు, వీడియో తీయించుకుంటారు. నిన్న సాయంత్రం ఆ వరసలో వజ్రమ్మ వచ్చింది, నిహిత చెయ్యి పట్టుకుని.

"గట్టిగా అరవండి మామ్మగారూ, భూతంలాగ!" అంది అక్కడి అమ్మాయి.

వజ్రమ్మ అరవలేదు. రెండు చేతులతో నా అంచు పట్టుకుని వంగింది. "కొల్లూరి వజ్రమ్మ," అంది. ఇంకాస్త వంగి, "మాది రేపల్లె," అంది.

నా ఒంట్లో ఉన్న ఇత్తడినంతా కూడదీసుకుని ఆ పేరు పలికాను. మెట్లెక్కేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నిహిత ఏడ్చింది. "అరవమంటే పేరు చెబుతోంది పాపం," అని ఎవరో నవ్వారు. ఆమె కొంగు సర్దుకుని పక్కకు జరిగింది.

వెనక భూతం బొమ్మ చొక్కా వేసుకున్న ఒకాయన తొందరగా ముందుకొచ్చాడు. ఆ పేరు నాలో ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆయన వంగి "బ్వా!" అన్నాడు. నేను దాన్నీ అంతే పెద్దదిగా పలికాను.