హోల్డ్ ఆన్ ప్లీజ్

చిన్నకోడలు దుప్పటి కొసలు పట్టుకుని వెనక్కి నడుస్తూ మళ్లీ అదే అంది. “హోల్డ్ ఆన్ ప్లీజ్.”

“పొద్దున్నించీ చెవిలో జోరీగలా ఏంటే నీ గోల!” అంది పెద్దకోడలు, ఇవతలి కొసలు లాగి దులుపుతూ.

ఆసుపత్రి లాండ్రీలో తోడికోడళ్లిద్దరిదీ ఒకే బల్ల. పెద్దామె వేలికొసలు బ్లీచింగు నీళ్లకి తెల్లగా నానిపోయాయి. తడిబట్టల బరువుకి కుడిభుజం కిందికి వాలింది. మొగుడు పోయాక అత్తనీ మరిదినీ, ఆపైన మరిది పెళ్లాన్నీ మోసింది ఆ భుజమే. ఇవాళ మాత్రం దానికి నొప్పి గుర్తులేదు. పైన టెలిఫోన్ గదిలో ఖాళీ వచ్చింది. చిన్నదానికి పరీక్ష. ఏ క్షణాన్నయినా పెద్ద ఆపరేటరు గోడఫోనుకి చేసి, రోగి బంధువులా మాట్లాడుతుంది.

“ఆ ఇంగ్లీషు మాటకి ఎన్ని అర్థాలే అసలు?”

“ఫోన్లో అంటే లైన్లో ఉండమని అక్కా. బస్సులో అంటే కమ్మీ పట్టుకోమని. నొప్పులు పడేదానితో నర్సమ్మ అంటే, ఇంకాస్త ఓర్చుకోమని.”

“అయితే నా కాపురమంతా అదేనన్నమాట!” పెద్దామె పకపకా నవ్వింది.

ఫోను మోగింది. చిన్నది పరుగెత్తింది. పెద్దామె దుప్పటి బల్ల మీద పడేసి వెనకే వెళ్లింది, పరీక్ష తనకే అయినట్టు.

“మా నాన్న ఏ వార్డులో ఉన్నాడు?” గొంతు బయటికే వినిపిస్తోంది.

“హోల్డ్ ఆన్ ప్లీజ్. కనుక్కుంటాను.”

అవతల ఉలుకూ పలుకూ లేదు. కావాలనే నోరు బిగబట్టింది ఆపరేటరు మహాతల్లి. చిన్నది నుదురు తుడుచుకుంది.

“ఉన్నానండీ. కనుక్కుంటున్నా.” కాసేపాగి మళ్లీ, “ఉన్నా, ఉన్నా.”

పెద్దామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాండ్రీ ఆవిరిలో ఎదుటి మనిషి కనపడదు. వదిలేశారేమో అనుకుని ఒకరు వదిలితే దుప్పటి తడినేల మీద పడుతుంది. అందుకే కొసలు కలిసేదాకా ఇద్దరూ “ఉన్నా, ఉన్నా” అని అరుచుకుంటారు. నేర్పింది తనే, తిట్టి మరీ.

ఫోనులో నవ్వు. “ఇంతవరకూ ఎవరూ నాతో అలా అనలేదమ్మాయ్. పైకి వచ్చెయ్, ఇప్పుడే.”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గెంతులేశారు. బల్ల మీద మడతలన్నీ కూలిపోయాయి.

“ఆ తెగిన చెప్పులతోనా వెళ్లేది? ఇవి తొడుక్కో,” పెద్దామె తనవి విప్పి ముందుకి తోసింది.

“మరి అవతలి కొస ఎవరు పట్టుకుంటారక్కా?”

“ఎవరో ఒకరొస్తార్లేవే. పో, వాళ్ల మనసు మారకముందే!”

చిన్నది రెండేసి మెట్లెక్కుతూ వెళ్లిపోయింది. పెద్దామెకి సంతోషం ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. మరో దుప్పటి అందుకుని, అలవాటుగా ఆవిరిలోకి “ఉన్నా” అంది.

గుమ్మం పక్కన చిన్నది విడిచివెళ్లిన చెప్పులు, ఎడమదాని పట్టీకి పిన్నీసు, లోపలివైపుకే తిరిగి ఉన్నాయి.