చేతులు వెళ్ళే దారి

ఆ భవనంలో ఇరవై నాలుగు వాటాలు. నాలుగో అంతస్తులో ఉండే ఆవిడను అందరూ దుబాసమ్మ అనేవారు. చెవులు వినపడని రోగులకూ డాక్టర్లకూ నడుమ మాట మోయడం ఆమె పని. డాక్టరు నోటితో చెప్పినది ఆమె చేతులతో చెప్పేది, రోగి చేతులతో చెప్పినది నోటితో చెప్పేది. మొదట్లో ఆస్పత్రికి వెళ్ళి చేసేది. రెండేళ్ళుగా ఆస్పత్రివారు మూడు ఊళ్ళలోని శాఖలకూ వీడియోలోనే దుబాసీలను పెట్టుకున్నారు. దాంతో ఆమె పడకగది మూలన గోడకు ఒక నీలం దుప్పటి కట్టుకుని, దాని ముందు కంప్యూటరు పెట్టుకుని, అక్కడినుంచే పని నడుపుతోంది.

ఆ మంగళవారం పొద్దున తెర మీదకు ఒక ముసలాయన వచ్చాడు. డాక్టరు కొత్త మాత్ర రాసి, "ఇది మొదలుపెట్టాక పాతది వేసుకోకూడదు" అన్నాడు. దుబాసమ్మ అదే సైగల్లో చెప్పింది. సరిగ్గా చివరికొచ్చేసరికి అవతలి తెర మీద ఆమె బొమ్మ బిగుసుకుపోయింది. 'కూడదు' అన్న సైగ దారిలోనే పోయింది. ముసలాయన బుద్ధిగా తలూపి, తనకు అర్థమైంది తిరిగి చెప్పాడు: రెండూ కలిపి వేసుకుంటాను.

ఆయన తిరిగి చెప్పబట్టి సరిపోయింది. ఆ ఒక్క మాట ఆయన కంటికి చేరడానికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఆస్పత్రినుంచి దుబాసీల పని చూసే పెద్దావిడ ఫోను చేసింది. మంచి మనిషి, కానీ మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్తుంది.

"నీ చేతుల్లో ఏ లోపమూ లేదమ్మా. నీ లైన్లో ఉంది. ఈ నెలలో ఇది ఐదోసారి. నెలాఖరులోగా బాగుచేసుకో. లేకపోతే నీ రోగులను వేరేవాళ్ళకు అప్పజెప్పక తప్పదు."

పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని. ఎక్కడ ఏ సైగకు ఏ ముసలమ్మ నవ్వుతుందో తెలిసినంతగా ఆ రోగులు ఆమెకు తెలుసు. ఫోను పెట్టేసింది. తర్వాత అందరూ చేసే పనే చేసింది. ఇంట్లో దొంగను వెతికింది. ముందు గదిలో అత్తగారు నెట్‌లో సీరియల్ చూస్తోంది.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. నా పని అయ్యేదాకా అది ఆపగలరా?"

అత్తగారు వెంటనే ఆపేసింది. నాలుగు రోజులు తెర వంక కన్నెత్తి చూడలేదు. బొమ్మ మాత్రం బిగుసుకుపోతూనే ఉంది. వైఫై గాలిలో పోతోందేమోనని దుబాసమ్మ రౌటరుకు నేరుగా వైరు తగిలించింది. అయినా అంతే. కంపెనీకి ఫోను చేస్తే ఒక కుర్రగొంతు మర్యాదగా చెప్పింది.

"మీకు సెకనుకు వంద మెగాబిట్లు ఇచ్చామండి. ఇక్కడ చూస్తే తొంభై నాలుగు వస్తోంది. మా వైపు ఏ ఇబ్బందీ లేదండి."

ఆమె స్పీడు కొలిచే పేజీ తెరిచింది. నిజంగానే తొంభై నాలుగు. దాని పక్కన, ఇన్నాళ్ళూ తాను పట్టించుకోని చోట, చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంది. రెండు. ఆమె చూస్తుండగానే అది ఒకటికి, ఒకటినుంచి అరకు పడిపోయింది.

మర్నాడు లైన్‌మన్ వచ్చాడు. ఏ కంపెనీ పిలిస్తే ఆ కంపెనీకి తీగ లాగే మనిషి, ఎవరి పక్షమూ కాదు. ఆమె చూపించిన అంకె చూసి తల గోక్కున్నాడు.

"ఇది కేబుల్ టీవీ తీగమ్మా. బొమ్మ ఇంటికి రావడానికే పుట్టింది, ఇంటినుంచి పోవడానికి కాదు. తర్వాత దాని మీదే నెట్ ఎక్కించారు. మీ ఇంటికి దిగే దారి రహదారి, మీ ఇంటినుంచి ఎక్కే దారి కాలిబాట, ఈ చిన్న అంకె దానిదే. ఆ కాలిబాట మీద కూడా వీధి వీధంతా నడవాలి."

"మరి ఈ రెండో అంకె సంగతి ఎవరూ చెప్పలేదేం?"

"ఎవరడిగారమ్మా? సినిమా చూసేవాళ్ళకు దిగేది చాలు. మీలాగా పొద్దస్తమానం పైకి పంపేవాళ్ళు నూటికి ఒకరుంటారేమో."

దుబాసమ్మ తిన్నగా ముందు గదిలోకి వెళ్ళింది. "అత్తయ్యా, మీ సీరియల్ దిగే దారిలో వస్తుందట. నా చేతులు ఎక్కే దారిలో పోతాయట. మీ తప్పేమీ లేదు."

"అది నాకు మొదటినుంచీ తెలుసు" అంది అత్తగారు. "ఈ నాలుగు రోజుల్లో అందులో ఎవరు చచ్చారో ఎవరు బతికారో ఇప్పుడు నాకెవరు చెప్తారు?"

ఆ సాయంత్రంనుంచే దుబాసమ్మ వేట మొదలైంది. ప్రకటనలు నమ్మదలచుకోలేదు. ఎవరింట్లో ఏ తీగ ఉందో కనుక్కుని, కంప్యూటరు చంకన పెట్టుకుని, ఒక్కో గుమ్మం ఎక్కింది. వీడియోలో అవతల కూర్చుని పరీక్ష చేసేది ఆమె చెల్లెలు. ఆ పిల్లకు పుట్టుకతోనే వినపడదు. వేరే ఊళ్ళో గడియారాలు బాగుచేస్తుంది. వెంట్రుకంత ముళ్ళను చూసి చూసి ఆమె కన్ను ఎంత వాడిదంటే, సైగలో ఒక్క వేలు తప్పినా పట్టేస్తుంది.

ప్రతి ఇంటినుంచీ ఒకే కథ చెప్పాలనుకున్నారు, లెక్క తేడా రాకుండా. చిన్నప్పుడు నాన్న గోడగడియారం పగిలిన కథ. పగలగొట్టింది చెల్లెలని అక్క, పిల్లి అని చెల్లెలు పాతికేళ్ళుగా వాదించుకుంటున్నారు. కథంతా సరిగ్గా నూరు సైగలు.

కింది అంతస్తులో ఒక దర్జీ ఉండేవాడు. అతనిది పాత టెలిఫోను తీగ మీద వచ్చే నెట్. ఎక్స్ఛేంజీ ఎంత దూరమైతే ఈ తీగలో వేగం అంత నీరసిస్తుందని లైన్‌మన్ చెప్పాడు. ఆ ఎక్స్ఛేంజీ నాలుగు వీధుల అవతల ఉంది. దిగేది పన్నెండు, ఎక్కేది ఒకటి. కథ సగంలోనే చెల్లెలు ఆపమంది.

"ముప్పై ఒకటి పోయాయి. మిగిలినవాటిలో నీ చేతులు చేతుల్లా లేవు, రెండు చేటల్లా ఉన్నాయి."

పై అంతస్తులో ఒక లెక్కల టీచరు. ఆమె ఇంటి పైకప్పు మీద చిన్న గిన్నెలాంటిది దూరపు టవరు వైపు చూస్తూ ఉంటుంది. తీగ లేకుండా గాలిలోనే నెట్ వస్తుంది. అక్కడ మొదటిసారి నాలుగు సైగలే పోయాయి. దుబాసమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇదే పెట్టించుకుందామనుకుంటూ రెండోసారి కథ మొదలుపెట్టేసరికి వాన పట్టుకుంది. పదిహేడు పోయాయి.

"వాన పడితే నేనూ క్లాసు ఆపేస్తానండీ" అంది టీచరు, దానికి అలవాటు పడిపోయినట్టు.

"ఉపగ్రహంనుంచి తీసుకుంటే?" అని లైన్‌మన్‌ను ఫోనులో అడిగింది.

"ఏ తీగా చేరని కొండల్లో ఉంటే అదే దిక్కమ్మా. తీగ దొరికే వీధిలో ఆకాశం దాకా ఎందుకు? వీధి అవతల మందుల షాపతని ఇల్లు చూడండి. అది ఇంటిదాకా గాజు తీగే, ఫైబర్ అంటారే, అది."

మందుల షాపతని ఇంట్లో దిగేది వంద, ఎక్కేదీ వంద. దుబాసమ్మ ఆ రెండో అంకెను వేలితో తాకి మరీ చూసింది. తర్వాత కథ మొదలుపెట్టింది. గడియారం మేకు, కుర్చీ, కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద చెల్లెలి కాళ్ళు, అన్నీ ఒక్కటి కూడా పొల్లుపోకుండా వెళ్ళాయి. నూరో సైగ అయ్యాక చెల్లెలు తన లెక్క కాగితం చూసుకుంది. ఇంతకుముందు ఇబ్బందిలో పడినప్పుడల్లా బొమ్మ ఆగిపోయిందని తప్పించుకునేది. ఇప్పుడు ఆ సాకు లేదు.

"సున్నా" అంది చేతులతో. ఆ తర్వాత మెల్లగా, "సరే. పిల్లి కాదు."

దుబాసమ్మ నవ్విన నవ్వుకు మందుల షాపతని భార్య వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

ఇక మిగిలింది భవనం సెక్రటరీ. రిటైరైన స్కూలు హెడ్మాస్టరు. పోయినేడు గోడలకు రంగులు వేయించాడు. ఆ తర్వాత గోడకు మేకు కొట్టాలన్నా ఆయన సంతకం కావాలి. పైగా ఆదివారం సమావేశానికి ఒక కంపెనీ ఏజెంటును ఆయనే పిలిచాడు. భవనమంతటికీ కలిపి 'ఫైబర్' ఇస్తామన్నాడట, ఒక్క కన్నం కూడా పెట్టకుండా.

ఆదివారం పదింటికి కార్లు పెట్టే చోట కుర్చీలు వేశారు. ఏజెంటు నిగనిగలాడే కాగితాలు పంచి, రెండు వందల స్పీడు, మూడు నెలలు ఉచితం అని అనర్గళంగా చెప్పాడు. సెక్రటరీ సంతకం పెట్టడానికి కలం తీశాడు. అప్పుడు దుబాసమ్మ లేచింది. రోజంతా ఇతరుల మాట చెప్పే మనిషికి నలుగురిలో తన మాట చెప్పడం కొత్త.

"మూడు సంగతులు అడుగుతాను, చెప్పండి. ఆ రెండు వందలు దిగేదా, ఎక్కేదా?"

"దిగేదండి. ఎక్కేది పది దాకా."

"సాయంత్రం అందరూ ఇళ్ళకొచ్చాక కూడా అంతేనా?"

"అది వాడకాన్ని బట్టి ఉంటుందండి."

"గాజు తీగ ఎక్కడిదాకా వస్తుంది?"

ఏజెంటు చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. "వీధి మొదట్లో మా పెట్టె దాకా. అక్కడినుంచి మీ పాత ఫోను తీగలే వాడతాం. అందుకే కన్నాలక్కర్లేదు."

కింది అంతస్తు దర్జీ కుర్చీలోంచి సగం లేచాడు. "అంటే మళ్ళీ నాదేనా?"

జనం గొల్లున నవ్వారు. సెక్రటరీ కలం మూత పెట్టాడు గానీ పట్టు వదల్లేదు. "బాగానే అడిగావమ్మా. కానీ ఇంటింటికీ గాజు తీగంటే ఇరవై నాలుగు కన్నాలు. నా గోడలేం కావాలి?"

"గోడ జోలికి పోనక్కర్లేదండి" అన్నాడు లైన్‌మన్. దుబాసమ్మ అతన్ని ముందే పిలిచి వెనక నిలబెట్టింది. "మెట్ల పక్కన ప్రతి అంతస్తులో చిన్న ఇనుప తలుపుంది కదా? ఆ లోపలి గొట్టంలోంచే ఫోను తీగలు పైకి పోయాయి. గాజు తీగ దారం అంత ఉంటుంది. వాటి పక్కనుంచే పోతుంది."

సెక్రటరీ నమ్మలేదు. తాళం తెప్పించి, అందరినీ వెంటేసుకుని మొదటి అంతస్తుకు ఎక్కి, స్వయంగా టార్చి వేసి చూశాడు. గొట్టంలో చెయ్యి పట్టేంత చోటుంది.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు మెట్ల మీదే నిలబడి.

ఒకటి, మూడు, తొమ్మిది, పంతొమ్మిది. అత్తగారు రెండు చేతులూ ఎత్తింది.

"ఇంటికి ఒక్క ఓటేనండీ" అన్నాడు సెక్రటరీ.

"ఒకటి ఓటుకు. రెండోది మీ చెయ్యి లేపడానికి."

ఆయన నవ్వు ఆపుకోలేక చెయ్యెత్తాడు. ఇరవై. దుబాసమ్మ ఆ చేతులను మెట్ల కిందినుంచి పైదాకా చూసింది. చేతుల భాషలో పుట్టెడు మాటలు తెలిసిన మనిషికి ఆ ఒక్క మాట ఇంత అందంగా ఉంటుందని ఎప్పుడూ తోచలేదు.

నెల ముగియడానికి ఇంకా ఐదు రోజులుండగా లైన్‌మన్ గాజు తీగను నాలుగో అంతస్తుకు తెచ్చి, చిన్న తెల్ల డబ్బాకు బిగించాడు. మర్నాడు పొద్దుటినుంచి ఒకరి వెనక ఒకరు పదకొండు మంది రోగులు. ఎక్కడా తెగలేదు. పదకొండోవాడు ఒక వడ్రంగి. విరిగి అతుక్కున్న మణికట్టుతో ఎంత వేగంగా సైగ చేస్తాడంటే మామూలు కంటికి అందదు. డాక్టరు కట్టు విప్పి చూసి, "ఈ చెయ్యి ఇప్పుడు నాదానికంటే బాగుంది, మార్చుకుందామా?" అన్నాడు. దుబాసమ్మ చేతులు ఆ మాట పూర్తిచేస్తుండగానే వడ్రంగి పగలబడి నవ్వాడు. నవ్వించిన డాక్టరూ నవ్విన మనిషీ ఒకే క్షణంలో నవ్వడం ఆ తెర మీద ఆమె చూడడం అదే మొదలు.

తెర అవతల డాక్టరు పక్కనుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "నీ లైను చూస్తున్నానమ్మా. వచ్చే నెలనుంచి నాలుగో ఊరి శాఖ కూడా నువ్వే చూసుకోగలవా?"

"చూసుకుంటానండీ" అంది దుబాసమ్మ, నీలం దుప్పటి సరిచేసుకుంటూ. "ముందు బయట కూర్చున్నవాళ్ళను పంపించండి."