గోడ అవతలి వాక్యం

ఆఫీసంతా ఆమెను చిల్లుల రాణి అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే, ఆమె మాత్రం బిరుదిచ్చినట్టు మురిసిపోతుంది. వాళ్ళు అమ్మేది ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. లోపలున్నవాడు తలకిందులుగా తపస్సు చేసినా గోడ దాటి బయటి కంప్యూటర్లోకి తొంగిచూడకూడదు. ఆ గోడకు చిల్లులు వెతకడమే ఆమె ఉద్యోగం.

ఈసారి దొరికింది అలాంటిలాంటి చిల్లు కాదు! ఇప్పుడెవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్ కోసం ఎప్పుడో రాసిన కోడ్ అది. పట్టేదానికన్నా ఎక్కువ డేటా పంపితే, గ్లాసులో చెంబెడు నీళ్ళు పోసినట్టు పక్కకు ఒలుకుతోంది. అక్కణ్ణుంచి దారి చేసుకోవచ్చని ఆమె నమ్మకం. మధ్యాహ్నం పన్నెండింటికి ఈ సాఫ్ట్‌వేర్ నలభై ఆసుపత్రులకు విడుదలవుతుంది. ఆలోగా రుజువు చేయకపోతే రోగుల వివరాలన్నీ ఏ దొంగ చేతిలోనైనా పడొచ్చు. ఆ కోడ్ రాసిందీ, విడుదల ఆపగలిగేదీ ఒక్కరే, స్వయానా ఆమె బాబాయి.

"నా గోడ దాటేవాళ్ళు ఇంకా పుట్టలేదమ్మా," అన్నాడాయన. అబ్బో, ఎంత నిబ్బరమో! ఇక్కడి పద్ధతేమిటంటే, ఆయన బయటి కంప్యూటర్లో ఒక వాక్యం రాసి దాస్తాడు. లోపలి కంప్యూటర్లోంచి ఆమె దాన్ని చదివితే గెలిచినట్టు.

పదకొండుంబావుకు చదివేసింది. కుర్చీ పడిపోయేంత విసురుగా లేచింది. బాబాయి వచ్చి చూసి, తాపీగా స్క్రీన్ మూల వేలు పెట్టాడు. ఒకచోట కాపీ చేసింది రెండు కంప్యూటర్లకూ అందే సెట్టింగ్ ఆన్‌లోనే ఉంది. ఆయన వాక్యాన్ని కాపీ చేసినప్పుడే దాని నకలు లోపలికొచ్చి కూర్చుంది.

"ఇది చిల్లులోంచి రాలేదే, గుమ్మంలోంచే వచ్చింది," అన్నాడు.

ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని ఇంత చిన్న స్విచ్ చూసుకోలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. సెట్టింగ్ తీసేసింది.

"ఇంకో వాక్యం రాయి బాబాయ్."

ఆయన తన గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. పది నిమిషాలైనా కబురు లేదు, ఇరవై అయినా లేదు. కావాలనే నానుస్తున్నాడని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పదకొండూ నలభైకి గానీ "రాశాను" అని మెసేజ్ రాలేదు.

మొదటిసారి లోపలి కంప్యూటర్ చచ్చి ఊరుకుంది. రెండోసారీ అంతే. పంపే డేటా కొలత మార్చి మళ్ళీ పంపింది. మూడోసారి డేటా పొర్లింది, దారి తెరుచుకుంది, గోడ అవతలినుంచి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి:

"నా కోడ్ మళ్ళీ చదివాను తల్లీ. తప్పు నాదే. విడుదల ఆపించేశాను, కంగారు పడకుండా నిదానంగా దాటు."

పన్నెండుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఆనందం పట్టలేక ఆమె ఏడ్చేసింది.