మూడు సీసాల వాన

మా పక్కన పాత కాంక్రీటు పిండి కొట్టే యార్డుంది. దాని మేనేజరు వెర్న్ సోల్‌బర్గ్ అంటే నాకు పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నెడా దాచిపెట్టింది అని ఎవరూ అనకుండా.

మాది అమెరికాలో, టకోమా రేవు దగ్గర పాత ఇనప సామాను కొనే యార్డు. మా నాన్న పెట్టాడు. ఇప్పుడు నేనూ, మా తమ్ముడు ఆంటే నడుపుతున్నాం. నేను షెడ్డులో కాటా దగ్గర కూచుంటాను, వాడు క్రేను తిప్పుతాడు. వానొస్తే యార్డులో నీళ్ళన్నీ గేటు పక్కనున్న మోరీలో పడి, అక్కణ్ణించి సముద్రపు పాయలోకి పోతాయి. ఆ పాయలో సాల్మన్ చేపలు ఎదురీదుతాయి, లోహం కలిస్తే చస్తాయి. అందుకే రాష్ట్రం వాళ్ళు మాలాంటి వాళ్ళకి వాననీటి పర్మిట్ ఒకటి ఇచ్చి, మూడు నెలలకోసారి ఆ నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి పంపమంటారు. లోహం ఇంతకు మించకూడదని ఒక గీత గీశారు. ఏడాదిలో మూడుసార్లు గీత దాటితే నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు కట్టాలి. మాబోటివాళ్ళకి ప్లాంటు కట్టడమంటే గేటుకి తాళం వెయ్యడమే.

ఆ ఏడు జింకు రెండుసార్లు గీత దాటింది. యార్డంతా ఊడ్చాం. కుప్పల మీద టార్పాలిన్లు కప్పాం. మోరీకి వడపోత సంచులు కట్టాం. అయినా దాటింది. వేసవిలో వానే లేదు. ఇక మిగిలింది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా.

సరిగ్గా అప్పుడే వెర్న్ కంచె దగ్గరికొచ్చాడు, చేతిలో కాఫీ కప్పుతో.

"నెడా, మా కంపెనీవాళ్ళు లారీలు పెట్టుకోడానికి మీ స్థలం కొంటామని అడుగుతున్నారు. మంచికే చెప్తున్నాను. మూడోసారి కూడా దాటిందంటే ఇంక అడిగేవాడుండడు."

"మంచికా? నీ లారీలు రోజంతా తిరుగుతాయి. ఆ టైర్లలో జింకు ఉంటుందని చదివాను. ఆ దుమ్మంతా వానకి కొట్టుకొచ్చి నా యార్డులో పడుతుంది. పాపం నీది, తాళం నాకా?"

"దుమ్ము మీద చల్లుతూనే ఉన్నాం తల్లీ, నీళ్ళు."

"చల్లుకో. ఈసారి నీ నీళ్ళు కూడా సీసాలో పట్టి పంపిస్తాను."

ఊరికే అన్లేదు. ఆ సాయంత్రమే కుప్పలోంచి ఓ పాత రేకు లాగి, ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు రాసి, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనపడేలా కంచెకి కట్టాను. 'ఈ నీళ్ళలో జింకు మాది కాదు. పక్కవాళ్ళది.'

"అక్కా, ముందు తేలనీయవే," అన్నాడు ఆంటే.

"తేలేదేముంది? నాకు తెలుసు," అన్నాను.

అక్టోబరు రెండో వారంలో తొలివాన పడింది. వేసవంతా పేరుకున్న మురికి మొత్తం ఆ వానలోనే కొట్టుకొస్తుంది. పర్మిట్ ప్రకారం ఆ నీళ్ళే పట్టాలి, తప్పించుకోడానికి లేదు. నేను మూడు సీసాలు పట్టాను. మొదటిది మోరీ దగ్గర, అది లెక్కలోకొచ్చేది. రెండోది వెర్న్ వైపు నీళ్ళు కంచె కిందనించి మాలోకి పారే చోట. మూడోది మా షెడ్డు చూరు గొట్టం కింద. మూడోది నా తెలివి. నేల తాకని నీళ్ళు, ఆకాశం నించి తిన్నగా పడ్డవి, ఎంత శుభ్రంగా ఉంటాయో చూపిస్తే వెర్న్ నీళ్ళ బండారం దానంతటదే బయటపడుతుందని.

ఫలితాలొచ్చే రోజుకి రాష్ట్రం తరఫున తనిఖీకొచ్చే సినాని పిలిపించాను. సమోవా దీవుల పిల్ల, మెత్తగా మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం వదలదు. వెర్న్‌నీ రమ్మన్నాను. నలుగురిలో వాడి మొహం మాడడం చూడాలని నా సరదా.

షెడ్డులో నించుని సినా కాగితం చదివింది.

"మోరీ దగ్గరది గీత దాటిందండీ. రెండింతలు."

"తెలిసిందేగా. రెండోది చదువమ్మా, గట్టిగా."

"వెర్న్ గారి వైపు నించి వచ్చేది గీతకి కిందే ఉంది. చాలా కింద."

"మూడోది?"

"చూరు నీళ్ళు. గీతకి పదిహేను రెట్లు."

"అవి వాననీళ్ళు. ల్యాబువాళ్ళు సీసాలు మార్చేసుంటారు."

సినా తలెత్తి పైకి చూసింది. నేనూ చూశాను. మా నాన్న వేసిన రేకుల కప్పు.

చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. లారీ మలుపు తిరక్కముందే దాంట్లో ఏ లోహముందో చెప్పగలను నేను. తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన రేకులొస్తే ముప్పై ఏళ్ళుగా నా నోటితోనే చెప్పి విడిగా కుప్ప వేయిస్తున్నాను. అవే రేకులు అంతకాలమూ నా నెత్తి మీదున్నాయి. పూత అరిగి అరిగి ప్రతి వానకీ కారుతోంది. నేను ఒక్కనాడు తలెత్తి చూడలేదు.

వెర్న్ నవ్వి ఉంటే బావుండేది, ఎదురు తిట్టేదాన్ని. కాఫీ కప్పులోకి చూస్తూ నించున్నాడు. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఆ బోర్డు కూడా అదే రేకండీ," అంది సినా కంచె వైపు చూపిస్తూ. "అది కూడా కారుతుంది."

"మూడోసారీ దాటినట్టేనా?" అనడిగాడు ఆంటే. వాడి గొంతు చిన్నదైపోయింది.

"ఇంకా కాదు," అంది సినా. "డిసెంబరు ఆఖరు దాకా ఎన్నిసార్లయినా పట్టి పంపొచ్చు. ఈ మూడు నెలల్లో పంపినవాటన్నిటికీ సగటు చూస్తాం. కప్పుకి రంగు వేస్తే జింకు దిగడం ఆగుతుంది, కానీ రంగు ఆరడానికి వారం పొడి కావాలి."

వాన తెరిపివ్వని నవంబరులో టకోమాలో పొడి వారమట. నేనూ, ఆంటే నవ్వుకున్నాం, ఏడవలేక.

"పీకేద్దాం," అన్నాను.

"అక్కా, అది నాన్న వేసిన కప్పే."

"అవున్రా. నాన్న కప్పు కావాలా, నాన్న యార్డు కావాలా?"

మర్నాడు పొద్దున్నే వెర్న్ గేటుకి వెళ్ళాను. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"తప్పు నాది. నిన్ను ఊరందరి ముందూ అన్నాను. అది చెప్పడానికొచ్చాను, స్థలం అమ్మడానికి కాదు."

"అంత కోపంగా క్షమాపణ చెప్పేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడు. "కాఫీ తాగుతావా?"

"తాగను."

తాగాను. వచ్చేటప్పుడు మనిషిని పైకెత్తే బండి ఒకటి వాళ్ళ యార్డు నించి ఇచ్చాడు. వద్దనకుండా తోలుకొచ్చేశాను.

పాత బోర్డు తీసి, ఈసారి చెక్క పలక మీద రాసి అక్కడే కట్టాను. 'నెడా పెట్రిచ్ పొరబడింది. జింకు మాదే.' ఆంటే సగం రోజు నాతో మాట్లాడలేదు. లారీ డ్రైవర్లు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను.

షెడ్డులో ఉన్న బ్యాటరీలూ, రాగి తీగలూ మూతలున్న పెట్టెల్లోకి మార్చాం. ఆరు రోజులు వానలోనే రేకులు పీకాం. నాన్న ఒక్క మేకు కూడా వంకరగా కొట్టలేదు, అందుకే ఒక్కటీ సులువుగా రాలేదు. ఆయన్ని నోరారా తిట్టాను. ఏడ్చాను కూడా. ఆంటే చూశాడు, వాడూ ఏడ్చాడు. రేకులన్నీ మూసున్న కంటెయినర్లో ఎక్కించి కరిగించే చోటికి పంపేశాం.

డిసెంబరులో మూడు వానలకి మూడు సీసాలు పట్టాను, మోరీ దగ్గర, పట్టాల్సిన చోటే. చివరి ఫలితం వచ్చిన రోజు సినా తనే వచ్చింది. కాటా దగ్గర నేను రెయిన్‌కోటు వేసుకుని, పైన గొడుగు కట్టుకుని కూచున్నాను.

"ఇలాగే పని చేస్తున్నారా, కప్పు లేకుండా?"

"తడుస్తాం, ఆరతాం. నువ్వు సగటు చెప్పు."

"గీతకి కింద. వెంట్రుకవాసి, కానీ కిందే."

ఆంటే క్రేను మీద నించి దిగొచ్చి నన్ను పట్టుకుని వదల్లేదు. ఇద్దరం నిలువునా తడిసున్నాం.

కంచె అవతల నించి వెర్న్ అడిగాడు, "ఇక ఆ బోర్డు తీసెయ్యొచ్చుగా నెడా? మా కంపెనీవాళ్ళకి కూడా ఏదో ఒకటి చెప్పాలి నేను."

"తియ్యను. కానీ నీ కంపెనీవాళ్ళకి జవాబు రాసిస్తానుండు."

ఎర్ర రంగు డబ్బా తెచ్చాను. వాన పడుతూనే ఉంది, రంగు నిలుస్తుందో లేదో తెలీదు. టార్పాలిన్ ఒకటి ఆంటే పట్టుకున్నాడు. 'జింకు మాదే' అన్న మాట కింద, అంతకన్నా పెద్ద అక్షరాలతో రాశాను.

'యార్డూ మాదే.'