తెల్లగోడ ముందు గొర్రె

చైత్ర తీసే ఫోటోల్లో మనుషులుండరు. అది ఆమె పట్టింపు. సెలవు దొరికితే నెల్లూరు నుంచి బస్సెక్కుతుంది. దారిలో ఒక గోడో, ఒక నీడో, ఎండలో మెరిసే ఒక బిందో కంటికి ఆనితే చాలు, దిగి ఫోటో తీసుకుని తన దారిన పోతుంది. మనిషిని తీస్తే వంద తంటాలు. గోడతో ఏ తంటా లేదు.

ఉదయగిరి కొండ కింద దొరికిన ఫోటో అలాంటిదే. ఊరవతల ఒంటరి ఇల్లు, అప్పుడే సున్నం కొట్టిన గోడ, దాని ముందు పక్కకు తిరిగి నిలబడ్డ ఎర్ర గొర్రె. ఇంకేమీ లేదు. ఆ ఇంటి అమ్మాయి మజ్జిగిచ్చి, "నన్ను మాత్రం తీయబాకక్కా" అంది.

"నిన్నెందుకమ్మా, నాకు నీ గొర్రె చాలు" అని నవ్వింది చైత్ర.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఆ ఫోటో తెల్లారేసరికి ఎక్కడెక్కడికో పాకింది. ఆత్మకూరు బస్టాండు ఎదురు టీకొట్టులో కూర్చుని వచ్చిన మెచ్చుకోళ్లు చదువుకుంటుంటే, పొద్దున మెసేజ్ పెట్టి తనెక్కడుందో కనుక్కున్న కుర్రాడు వెతుక్కుంటూ వచ్చాడు.

"మేడం, నేను రాజా. కలువాయి పక్క మాది. అవ్వకు కళ్లు చూపిద్దామని వచ్చినాం."

వెనక వచ్చిన ముసలామె, మాలకొండమ్మ, పలకరించకుండానే బెంచీ మీద కూర్చుంది.

రాజా ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చెవుల దగ్గర ఆపాడు. "ఎడమ చెవికి రెండు గంట్లు, కుడి చెవికి కొస కోత. గొర్రెలోళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో కోత ఉంటాది. ఇది మా ఇంటిది. మేం ఈ మధ్య ఎవరికీ గొర్రెను అమ్మలా."

"అంటే దొంగిలించారా?"

"మరేంది మేడం?"

చైత్రకు ఒళ్లు మండింది. లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా ఉంది. తన ఫోటో దొంగను పట్టిస్తోంది! మ్యాప్ తెరిచి ఇల్లు ఎక్కడో చూపించి, లొకేషన్ పంపించింది.

"ఇంట్లో ఎవరుండారు?"

"ఒక అమ్మాయి. గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది."

రాజా ఫోను జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. "అవ్వా, ఇక్కడే కూచో. ఇంటికి పోయి నాయననూ చిన్నాయననూ తోలుకుపోతా" అని బండి తీశాడు.

ఒక గొర్రె కోసం ఇంతమందా అని చైత్ర అనుకునేలోపే ముసలామె ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏమ్మే, నీ నోట్లో మన్ను బడ! ఎంత పని చేసినావే. అది దొంగ గొర్రె కాదు, నేనిచ్చిన గొర్రె. ఆ పిల్ల నా మనమరాలు. ఈ రాజా చెల్లెలు రేణుక."

చైత్ర టీగ్లాసు కింద పెట్టేసి, ఏం జరిగిందో చెప్పమంది.

రేణుక తమ కులం కాని డేవిడ్‌రాజును పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. కనబడితే ఇద్దరినీ నరుకుతానని తండ్రి గోపాలయ్య నలుగురిలో అన్నాడు. ఊరికే అనే మనిషి కాదు. ఎక్కడున్నారో తెలిసింది అవ్వ ఒక్కతికే.

"పెళ్లైన ఆడపిల్లకు పుట్టింటి గొర్రె తోలాల. మా ఇంట్లో తోలకుండా ఎప్పుడూ లేదు. అందుకని దొంగచాటుగా ఒకదాన్ని ఆటోలో పంపినా. దాని చెవులు పట్టిస్తాయని నాకు తట్టలా" అంది మాలకొండమ్మ.

"ముందు ఆమెకు ఫోన్ చెయ్యండి!"

"నంబరు నా కాడ పెట్టుకుంటానా? నా ఫోను రాజా రోజూ చూస్తాడు."

చైత్ర పోలీసులకు ఫోన్ చేసింది. మనిషిని పంపుతామన్నారు. అయినా కాలు నిలవలేదు. కారు మాట్లాడి అవ్వను ఎక్కించింది. దారిలో ఆ ఫోటో తీసేసింది.

"తీసేస్తే వాడి బుర్రలోంచి పోతాదా?" అంది అవ్వ, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

కారు ఆగగానే రేణుక పరుగెత్తుకొచ్చింది. "అవ్వా! నువ్వెట్టా వచ్చినావే?" అని నవ్వుతున్నదల్లా, వెనక దిగుతున్న చైత్రను చూసి ఆగిపోయింది. ఫోటో వల్లే తమ జాడ బయటపడిందని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

డేవిడ్‌రాజు తన సరుకుల ఆటోలోకి బట్టలు, గిన్నెలు, గ్యాస్ సిలిండరు ఎక్కించాడు. గొర్రె దగ్గరికొచ్చి మాత్రం ఆగాడు.

"దీన్ని వదిలేద్దాం రేణుకా. ఎక్కడికి పోయినా దీని చెవులు మనల్ని పట్టిస్తాయి."

"ఈనేదానికొచ్చింది. వదిలేస్తే నాయన దీన్ని ఇక్కడే కోసేస్తాడు. నేను రాను పో."

"కత్తి తే" అంది మాలకొండమ్మ.

ఆమె గొర్రె మెడను మోకాళ్ల మధ్య అదిమిపట్టింది. పాత గుర్తు పోయేలా ఎడమ చెవికి గంట్ల కిందికి ఒక కోత, కుడి చెవికి ఒక కోత. గొర్రె అరుపుకి చైత్ర కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అవ్వ చీరంతా నెత్తురు. రేణుక పసుపు అదుముతోంది.

"దొంగలు చేసే పని. మీ తాత బతికుంటే నా చెయ్యి నరికేవాడు" అంది అవ్వ.

ఆటో స్టార్టయింది. చైత్ర దాని దగ్గరికి పరుగెత్తింది. "ఎటు వెళ్తున్నారు? ఏమైనా అవసరమైతే నేను..."

"నీకు చెప్పాల్నా అక్కా?" అంది రేణుక. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

ఆటో కొండ పక్క దారి పట్టి తుమ్మచెట్ల చాటుకు పోయింది.

మాలకొండమ్మ గడప మీద కూర్చుంది. "కారెక్కి పోమ్మా. కన్నతల్లిని వాడేమీ చెయ్యడు."

చైత్ర పోలేదు. డబ్బులిచ్చి కారును పంపేసి, వచ్చి పక్కన కూర్చుంది. కింద రోడ్డు మీద దుమ్ము లేచింది. ఒక బండి కాదు, నాలుగైదున్నాయి. పోలీసుల జీపు జాడ ఇంకా లేదు.

అవ్వ కొంగుతో చేతుల నెత్తురు తుడుచుకుంది. "వాళ్లేమడిగినా సరే, నువ్వు నోరు తెరవబాక."

చైత్ర తలూపింది. మొదటి బండి మలుపు తిరిగి ఇంటి వైపు వచ్చింది.