ఒక్క పంటి గాటు

దువ్వెన కుడి కణత మీదికి రాగానే గున్‌వోర్ చెయ్యి ఆగిపోయింది. కొన్ని వారాలుగా ఇదే వరస. జుట్టు కుదుళ్లు కూడా నొప్పి పెడుతున్నాయి. మిగతా జుట్టు అలాగే వదిలేసి, ఊలు టోపీ లాక్కుని, కేకు డబ్బాతో వానలో బస్సెక్కింది.

ఆసుపత్రి ప్రయోగశాలలో ఆమెకు అదే ఆఖరి రోజు. వెళ్ళిపోయేవాళ్లే కేకు చేసి తేవాలి, అది అరెండాల్ ఊళ్లో అందరికీ తెలిసిన మర్యాద. బాదం పిండి వలయాలను గోపురంలా పేర్చి, చిన్న కాగితపు జెండాలు గుచ్చి తెచ్చింది.

"ఇవాళ కూడా పనేనా?" అన్నాడు పక్క బల్ల దగ్గరి ఆస్బ్యోర్న్.

"ఒక ముక్క మిగిలింది."

"నువ్వూ ఆ నీలి కణాలూ ఒకటే. వయసైపోతుంది, చోటు మాత్రం ఖాళీ చెయ్యరు!"

"చేస్తున్నానుగా. నా కుర్చీ మీద నీ కన్ను ఎప్పట్నుంచో ఉంది."

రోగుల కణత దగ్గర తీసిన రక్తనాళపు ముక్కలను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి గాజు పలకల మీద పరవడం ఆమె పని. రంగు వేస్తే ముసలి కణాలు నీలంగా తేలతాయి. అవి పెరగవు, చావవు. నాళపు గోడలో తిష్ఠ వేసి పక్కవాటిని రెచ్చగొడతాయని డాక్టర్ ఇంగెలిన్ అనుమానం. దాని మీదే ఆమె పరిశోధన. గోడ వాచి, కంటికి రక్తం వెళ్లే దారి మూసుకుపోతే చూపు పోతుంది.

ముందుగా వచ్చే గుర్తులు గున్‌వోర్‌కు కంఠతా వచ్చు. దువ్వితే తల నొప్పి. నమిలితే దవడ నొప్పి. కానీ ఇన్నేళ్లూ అవి వేరేవాళ్ల జబ్బులు. తనకు వచ్చింది వయసు, అంతే. రేవులో తను కొత్తగా కొన్న చిన్న పడవ ఊగుతోంది. రేపటి నుంచి దీవుల మధ్య తిరగాలి.

మధ్యాహ్నం అందరూ కేకు చుట్టూ చేరారు. ఆమె ఒక వలయం కొరికింది. నాలుగుసార్లు నమిలేసరికి దవడ బరువెక్కి మొరాయించింది. పళ్లెం మెల్లగా పక్కకు జరిపింది.

"ఏంటి, నీ కేకు నీకే నచ్చలేదా?" అంది ఇంగెలిన్.

"పళ్లు ముసలివైపోయాయి."

అందరూ నవ్వారు. ఇంగెలిన్ మాత్రం నవ్వలేదు. "తలనొప్పేమైనా ఉందా?"

ఒక్క మాట చాలు. కానీ అందరి చేతుల్లో కాఫీ కప్పులు, అందరి ముఖాల్లో సంబరం. ఎవరినీ ఇబ్బంది పెట్టకు అని అమ్మ నేర్పింది. ఇప్పుడు జబ్బు మాట ఎత్తడమా?

"ఈ వానలో తలనొప్పి ఎవరికి లేదు?" అంది గున్‌వోర్.

అంతలో ఎవరో పిలిస్తే ఇంగెలిన్ వెళ్ళిపోయింది.

ఆఖరి ముక్క కోస్తుండగా కుడి కంటి మీద పైనుంచి బూడిదరంగు తెర దిగింది. గున్‌వోర్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి తెర లేచింది. ఇక వయసు అనుకోవడానికి వీల్లేదు. ఇంగెలిన్ గది రెండు తలుపుల అవతలే. కానీ కోత మధ్యలో ఆపితే ముక్క పాడవుతుంది. ఎవరో రోగి పైవార్డులో దీని ఫలితం కోసమే ఎదురుచూస్తున్నారు.

ఇదొక్కటీ అయ్యాక, అనుకుంది.

కోసింది. పలక మీద పరిచింది. చివరి పొర సర్దుతుండగా తెర మళ్లీ దిగింది. ఈసారి లేవలేదు.

గోడ తడుముకుంటూ వెళ్లింది.

"బయల్దేరుతున్నావా?" ఇంగెలిన్ తలెత్తకుండానే అడిగింది.

"నమిలితే దవడ నొప్పి. దువ్వితే తల నొప్పి. ఇప్పుడు కుడి కన్ను కనిపించడం లేదు."

ఇంగెలిన్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఎప్పట్నుంచి?"

"కేకు దగ్గర అడిగావు కదా. అప్పుడే చెప్పాల్సింది."

చక్రాల కుర్చీ ఆస్బ్యోర్న్ తోశాడు. ఇంగెలిన్ పక్కనే పరిగెడుతోంది. "మందు వెంటనే ఎక్కిస్తాం. రెండో కన్ను కాపాడుకుందాం."

రెండో కన్ను. గున్‌వోర్ తలూపింది. మొదటిదాని సంగతి ఆమె అడగలేదు.

"నీ కుర్చీ నాకొద్దులే," అన్నాడు ఆస్బ్యోర్న్.

"తీసుకో. ఎత్తు కాస్త తగ్గించుకో. నీవి పొట్టి కాళ్లు."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

భోజనాల గదిలో కేకు గోపురం ఖాళీ అయిపోయింది. బల్ల చివర, పడిపోయిన కాగితపు జెండా పక్కన, పళ్లెంలో బాదం వలయం ఒకటి మిగిలింది. దాని మీద ఒక్క పంటి గాటు.